అంతస్తులు దాటే ప్రేమను నవలగా రాయడం ఎలా

తెలుగులో అంతస్తు అంటే మేడలో ఒక వరస. మనిషికి లోకం ఇచ్చే స్థాయి కూడా అంతస్తే. వియ్యానికైనా కయ్యానికైనా సమ ఉజ్జీ ఉండాలని పెద్దలు అన్నప్పుడు వారి మనసులో మెదిలేది ఈ రెండో అర్థం. ఉన్నవాళ్ల ఇంటికీ లేనివాళ్ల ఇంటికీ మధ్య పుట్టిన ప్రేమను ఈనాటి నవలగా రాయదలచినవారు ముందుగా చేయవలసిన పని, ఈ రెండు అర్థాలూ ఒకే చోట కలిసే స్థలాన్ని వెతుక్కోవడం. హైదరాబాదులో అటువంటి స్థలం కోసం దూరం పోనక్కర లేదు. కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు ప్రాంతంలో ఏ ఐదంతస్తుల అపార్ట్‌మెంటును చూసినా పైన మూడు పడకగదుల ఫ్లాటు ఉంటుంది, కింద సెల్లారులో కార్ల పక్కన వాచ్‌మన్ కుటుంబానికి ఇచ్చిన ఒక్క గది ఉంటుంది. రెండు కుటుంబాలకూ గేటు ఒకటే, నీళ్ల సంపు ఒకటే, పోస్టు వచ్చే చిరునామా కూడా ఒకటే.

వారపత్రికల్లో సీరియళ్లు వెలిగిన రోజుల నుంచి మన ప్రేమ నవలల్లో బంగళా ఒక ఊళ్లోనూ గుడిసె మరో ఊళ్లోనూ ఉండేవి. వాటిని కలపడానికి రచయిత ఒక కారు ప్రమాదాన్నో, జోరువానలో ఆగిపోయిన బస్సునో తెచ్చుకోవలసి వచ్చేది. ఒకే కట్టడంలో ఉన్నవారికి ఆ అవసరం రాదు. వాళ్లు పదిహేనేళ్లుగా ఒకరికొకరు ఎదురుపడుతూనే ఉన్నారు, కానీ ఒకరినొకరు చూడలేదు. ఆ చూపు ఎప్పుడు, ఎందుకు మారిందో చెప్పగలిగితే నవలలో మొదటి భాగం దానంతట అదే సమకూరుతుంది.

ఈ వ్యాసమంతటా ఒకే ఉదాహరణ తీసుకుంటాను. సెల్లారు గదిలో రేణుక. తండ్రి మల్లయ్య వాచ్‌మన్, తల్లి ఎల్లమ్మ నాలుగు ఫ్లాట్లలో అంట్లు తోమి ఇల్లు తుడుస్తుంది. ఐదో అంతస్తులో కిరణ్. తండ్రి రాజశేఖరం గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడిన వ్యాపారి. ఇద్దరికీ కథ అల్లే ముందు ఒక కాలపట్టిక రాసుకోండి. పాలమూరు నుంచి ఇళ్లు కట్టే పనికి హైదరాబాదు వచ్చిన కూలీ కుటుంబాలు లెక్కకు మించి ఉన్నాయి కనుక మల్లయ్యను కూడా అలాగే 2003లో తీసుకురావచ్చు. అప్పటికి రేణుకకు నాలుగేళ్లు. కట్టడం పూర్తయ్యాక బిల్డరు అతన్నే కాపలాగా ఉండిపొమ్మంటాడు. అంటే ఆ ఇంటి గోడలకు ఇటుకలు మోసినవాడే ఆ ఇంటి గేటు దగ్గర నిలబడ్డాడు. ఈ సంగతిని మీరు ఒక్కసారి చెబితే చాలు, పాఠకుడు పుస్తకం పొడుగునా మోసుకుపోతాడు. 2008లో ఉమ్మడి రాష్ట్రంలో ఫీజు రీయింబర్స్‌మెంటు పథకం వచ్చింది కనుక రేణుక డిగ్రీ వరకు చదవడం నమ్మదగిన విషయమే. 2014లో తెలంగాణ ఏర్పడినప్పుడు ఐదో అంతస్తులో ఏం మాట్లాడుకున్నారో, సెల్లారులో ఏం మాట్లాడుకున్నారో రెండూ రాసుకోండి. 2017 నవంబరులో మియాపూర్ నుంచి నాగోలుకు మెట్రో రైలు మొదలయ్యింది. కారున్నవాడూ లేనిదీ ఒకే పెట్టెలో పక్కపక్కన నిలబడే అవకాశం అప్పుడు వచ్చింది. ఈ పట్టికలో సగం నవలలోకి రాకపోవచ్చు, అయినా అది లేకుండా మొదలుపెడితే మీ పాత్రలు ఏ కాలానికీ చెందని బొమ్మలవుతారు.

ఇక కథకు ఆయువుపట్టు ఎక్కడుందో చెబుతాను. ఈ ప్రేమ బయటపడితే ఎవరికి ఏం పోతుంది? కిరణ్‌కు తండ్రి కోపం, తల్లి కన్నీళ్లు, కొన్నాళ్ల మౌనం. మల్లయ్యకు ఉద్యోగం పోతుంది, ఉద్యోగంతో పాటు ఆ సాయంత్రానికే తలదాచుకునే గది పోతుంది, ఎల్లమ్మ చేసే నాలుగిళ్ల పనీ పోతుంది, రేణుక తమ్ముడి బడి మారుతుంది. వాచ్‌మన్ జీతమూ ఇల్లూ ఒకే మాట మీద ఆధారపడి ఉంటాయి, ఆ మాట అసోసియేషన్ సెక్రటరీ నోట్లో ఉంటుంది. ఇద్దరూ సమానంగా ప్రేమించినా ఇద్దరూ సమానంగా సాహసించడం లేదు. ఈ తేడాను రేణుక మొదటి రోజు నుంచీ ఎరుగును, కిరణ్‌కు సగం నవల దాటాకగాని అర్థం కాదు. నా దృష్టిలో ఇటువంటి నవలకు అసలు కథ ఆ అర్థం కావడమే. తక్కిన సంఘటనలన్నీ దానికి దారి తీసే మెట్లు.

దీన్ని ఉపన్యాసంగా చెప్పకుండా చూపించడానికి నాకు తెలిసిన గట్టి సాధనం డబ్బు లెక్క. రాయడానికి కూర్చునే ముందు ఒక నోటుపుస్తకంలో రెండు ఇళ్ల నెల ఖర్చూ రాయండి. మన కథలో మల్లయ్య జీతం పన్నెండు వేలు అనుకుందాం, ఎల్లమ్మకు ఒక్కో ఇంటికి రెండున్నర వేలు, రేణుకకు డయాగ్నస్టిక్ సెంటరులో పద్దెనిమిది వేలు, చిట్టీ కిస్తీ ఐదు వేలు, ఊళ్లో ముసలమ్మ మందులకు పదిహేను వందలు. పైన కిరణ్ ఒక్కడి జీతమే లక్ష దాటుతుంది. ఇప్పుడు వాళ్లిద్దరినీ ఒక హోటలుకు పంపండి. బిల్లు పద్నాలుగు వందలయ్యిందంటే కిరణ్‌కు అది గుర్తుండదు. రేణుకకు మాత్రం తల్లి ఒక ఇంట్లో నెలలో సగం రోజులకు పైగా అంట్లు తోమిన కూలి ఆ బల్ల మీద కనబడుతుంది. ఆమె ఆ మాట అనదు. మిగిలిన బిర్యానీ పార్సిల్ కట్టమని బేరరును అడుగుతుంది, కిరణ్ మొహమాటపడి చుట్టూ చూస్తాడు, అతను అలా చూడడాన్ని ఆమె గమనిస్తుంది. అంతటితో ఆ ఘట్టం ఆపండి. ప్రతి ఘట్టంలోనూ డబ్బు ఎవరు కట్టారో మీకు తెలిసి ఉండాలి. కాగితం మీద చెప్పినా చెప్పకపోయినా సరే.

ఇక్కడ నేను చేసిన ఒక పొరపాటు చెప్పడం మంచిది. నా మొదటి నవలలో నాయకుడు పేదింటి నాయికకు పుట్టినరోజున ఖరీదైన ఫోను కొనిస్తాడు, ఆమె కళ్లు చెమరుస్తాయి, ఆ అధ్యాయం ముగుస్తుంది. నాకది ఎంతో అందంగా తోచింది. ఆ నవల చదివిన ఒక నర్సు నన్ను ఒకే ఒక్క ప్రశ్న అడిగింది: ‘‘ఆ ఫోను ఆ అమ్మాయి ఇంట్లో ఏమని చెప్పి పెట్టుకుంది?’’ నా దగ్గర సమాధానం లేదు. ఒక్క గది ఇంట్లో, తలుపు లేని అల్మరాలో, నలుగురి కళ్ల ముందు ఆ ఫోను ఎక్కడ ఉంటుందో నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. కానుక ఇచ్చినవాడికి అది ఒక సాయంత్రపు సంతోషం. పుచ్చుకున్నదానికి అది రోజూ చెప్పవలసిన అబద్ధం. ఆనాటి నుంచి నా పుస్తకాల్లో ఒక వస్తువు చేతులు మారితే, అది రాత్రి ఎక్కడ నిద్రపోతుందో తేల్చుకున్న తరువాతే ముందుకు కదులుతాను. అదే ఘట్టాన్ని ఇప్పుడు రాస్తే రేణుక చేత కన్నీరు పెట్టించను. ‘‘నువ్వు ఇచ్చినవ్, నేను తీసుకున్న. మరి ఇంట్ల ఏమని చెప్పాలె?’’ అనిపిస్తాను. కిరణ్ దగ్గర జవాబు ఉండదు, ఆ లేకపోవడమే తరువాతి అధ్యాయం.

డబ్బు సాయం చేసే ఘట్టం ఇంకా ప్రమాదకరమైనది. ఫీజు రీయింబర్స్‌మెంటు బకాయిలు ప్రభుత్వం నుంచి రాలేదని కాలేజీలు విద్యార్థుల సర్టిఫికెట్లు ఆపుకోవడం తెలుగు రాష్ట్రాల్లో ఎందరో అనుభవించిన బాధ. రేణుక సర్టిఫికెట్లకు ముప్పై అయిదు వేలు కట్టాలన్నారని అనుకోండి. కిరణ్ ఆ మొత్తాన్ని రెండు నిమిషాల్లో ఫోను నుంచి పంపగలడు. పంపితే అతడు దాత అవుతాడు, ఆమె ప్రేమ కృతజ్ఞతతో కలిసిపోతుంది, ఆ రెండింటినీ ఆమె కూడా విడదీసి చూసుకోలేదు. సాయం వద్దని ఆమె మొండికేస్తే అది నాటకంలా ఉంటుంది, ఎందుకంటే సర్టిఫికెట్లు చూపకపోతే ఉద్యోగం పోతుందన్న భయం నిజం. నేనైతే ఆమె చేత ఆ డబ్బు తీసుకోనిచ్చి, పాల లెక్క రాసే పుస్తకంలో చివరి పేజీలో ‘కిరణ్ – 35,000 – సర్టిఫికెట్’ అని రాయిస్తాను. నెలకు రెండు వేల చొప్పున ఆమె తిరిగి ఇస్తుంటే అతనికి మొదట్లో చిన్నతనంగా ఉంటుంది, వద్దంటాడు, కోప్పడతాడు. పదమూడు నెలలు గడిచేసరికి ఇంకా తొమ్మిది వేలు మిగిలి ఉంటాయి. ఆ తొమ్మిది వేలను పెళ్లి తరువాత కొట్టేయాలా, కట్టాలా అన్న వాదం పైకి చిన్నదే అయినా అందులో ఈ దాంపత్యం ఎలా ఉండబోతోందో మొత్తం తెలిసిపోతుంది.

డబ్బు తరువాత కాలం. రేణుక ఇళ్లకు వెళ్లి రక్తం శాంపిళ్లు తీసే పని చేస్తుంటే ఆమె రోజు ఉదయం అయిదున్నరకు మొదలవుతుంది, ఎందుకంటే పరగడుపు పరీక్షలు కాఫీ వేళకు ముందే జరగాలి. కిరణ్ రాత్రి పదకొండు దాకా విదేశీ క్లయింట్లతో మాట్లాడి ఎనిమిదింటికి లేస్తాడు. ఇద్దరికీ మెలకువగా, ఖాళీగా, ఒంటరిగా దొరికే సమయం రోజుకు ఎంతో లెక్క కట్టండి. పైగా సెల్లారు ఇంట్లో ఎవరూ ఒంటరిగా ఉండరు. ఫోను మాట్లాడాలంటే ఆమె నీళ్ల మోటారు శబ్దం చాటున మాట్లాడుతుంది. సంపు ఖాళీ అయితే మోటారు ఆపాలి, ఆపితే మాటలు వినబడతాయి. వాళ్ల సంభాషణ ఎంతసేపో సంపులోకి మంజీరా కుళాయి నీళ్లు ఎంతసేపు వస్తాయన్నదాని మీద ఆధారపడుతుంది. ఇటువంటి నిర్బంధం దొరికినప్పుడు దాన్ని వదలకండి, ప్రేమలో ఆత్రం దాని నుంచే పుడుతుంది.

మన భాష ఈ కథకు ఇచ్చే గొప్ప వరం పిలుపు. అరవై ఏళ్ల మల్లయ్యను పదేళ్ల పిల్లవాడు ‘ఏయ్ మల్లయ్యా’ అని పిలిచి ‘నువ్వు’ అంటాడు. మల్లయ్య ఆ పిల్లవాణ్ని ‘బాబూ’ అని ‘మీరు’ అంటాడు. కిరణ్ కూడా అలాగే పెరిగాడు. రేణుక చిన్నప్పటి నుంచీ అతని తల్లిని ‘మేడమ్’ అంది, అతన్ని పేరుతో పిలవవలసిన అవసరమే రాలేదు. కనుక ప్రేమ మొదలైన తరువాత వారి మధ్య ‘మీరు’ ఎప్పుడు ‘నువ్వు’గా మారిందో ఆ చోటును తేదీతో సహా నిర్ణయించుకోండి. నా సలహా ఏమిటంటే అది ప్రేమ చెప్పుకున్న క్షణంలో కాకుండా మొదటి తగాదాలో రావాలి. కోపంలో నోరు జారిన ‘నువ్వు’ను తరువాత ఇద్దరూ వెనక్కి తీసుకోరు. అయితే అంతకన్నా కష్టమైన మార్పు ఇంకొకటుంది. కిరణ్ మల్లయ్యను ‘మీరు’ అనడం ఎప్పుడు మొదలుపెడతాడు? రేణుకను ప్రేమిస్తూ కూడా ఆరు నెలలు ఆమె తండ్రిని ‘మల్లయ్యా, కారు కాస్త తుడువు’ అని అంటూనే ఉండగలడు, ఎందుకంటే అలవాటు ప్రేమ కన్నా పాతది. ఒకరోజు రేణుక ఎదురుగా ఆ మాట అంటాడు. ఆమె ఏమీ అనకుండా తానే గుడ్డ తెచ్చి కారు తుడవడం మొదలుపెడుతుంది. నా ముసాయిదాలో ఇదే నవలకు నడిమి స్తంభం.

మాండలికం గురించి ఒక్కమాట గట్టిగా చెప్పాలి. రేణుక ఇంట్లో పాలమూరు తెలుగు, కిరణ్ ఇంట్లో గుంటూరు తెలుగు; రెంటికీ అక్షరాల్లో సమాన మర్యాద ఇవ్వండి. తెలంగాణ మాటను పనివాళ్ల నోటా నవ్వించేవాళ్ల నోటా మాత్రమే పెట్టే పాడు అలవాటు సినిమాల నుంచి నవలల్లోకి కూడా వచ్చింది. రేణుక ఉద్యోగంలో ఒక భాష, ఇంట్లో ఒక భాష మాట్లాడుతుందని, ఫ్లాటు తలుపు తట్టేటప్పుడు గొంతు మార్చుకుంటుందని చూపండి. ఆమె కిరణ్‌తో తన సొంత భాషలో మాట్లాడిన మొదటి వాక్యం ఏదో మీకు తెలిసి ఉండాలి.

దగ్గరయ్యే ఘట్టానికి కల్పిత ప్రమాదాలు వెతకకుండా నగరం అనుభవించినవాటినే వాడుకోండి. 2020 మార్చి చివర్లో లాక్‌డౌన్ వచ్చినప్పుడు అపార్ట్‌మెంట్లలో పనివాళ్లను లోపలికి రానివ్వలేదు, కానీ కూరగాయలూ మందులూ పాల ప్యాకెట్లూ పైకి చేర్చింది వాచ్‌మన్ కుటుంబాలే. తలుపు దగ్గర సంచి పెట్టి గంట కొట్టి రెండడుగులు వెనక్కి జరిగే రేణుకను కిరణ్ మొదటిసారి నిజంగా చూసింది అప్పుడు కావచ్చు. అదే ఏడు అక్టోబరు 13 రాత్రి కుండపోత వాన కురిసి నగరంలో ఎన్నో కాలనీలూ సెల్లార్లూ మునిగాయి. ఆ రాత్రిని రెండు అంతస్తుల నుంచి రాయండి. పైన బాల్కనీలో నిలబడి వాన వీడియో తీస్తున్నారు. కింద బియ్యం డబ్బా తేలుతోంది, ఎల్లమ్మ గ్యాస్ బండను మెట్ల మీదికి ఎక్కిస్తోంది, రేణుక ప్లాస్టిక్ సంచిలో మొదట పెట్టుకున్నవి బట్టలు కావు, సర్టిఫికెట్ల జిరాక్సులూ రేషన్ కార్డూ. లిఫ్ట్ ఆగిపోయింది కనుక కిరణ్ అయిదంతస్తులూ నడిచి దిగాలి. ఎన్నో మెట్టు మీద నీళ్లు కాలికి తగిలాయో రాయండి. అతను వాళ్లను పైకి, తమ హాల్లోకి తీసుకువెళ్తాడు. తెల్లారేదాకా ఎల్లమ్మ సోఫాలో కూర్చోకుండా నేల మీదే కూర్చుంటుంది, రాజశేఖరం గారి భార్య దుప్పటి ఇస్తుంది కానీ కూర్చోమని అనదు. ఆమె దుర్మార్గురాలు కాదు, ఆ మాట ఆమెకు తట్టలేదు.

కులాన్ని దాటవేయకండి. మన దగ్గర డబ్బు తేడా అని చెప్పుకునే చాలా కథల్లో అసలు అడ్డు కులమే. ఆ మాట పైకి రాకుండా పెద్దలు ‘వాళ్లకూ మనకూ పొసగదు’ అంటారు. రెండు కుటుంబాల కులం రచయితగా మీరు నిర్ణయించుకోవాలి, అది ఇంట్లో గ్లాసుల దగ్గర, పెళ్లిళ్ల భోజనాల దగ్గర, వాట్సాప్ గ్రూపుల్లో ఎలా కనబడుతుందో రాయాలి. 2018లో మిర్యాలగూడలో కులం దాటి పెళ్లి చేసుకున్న యువకుణ్ని పట్టపగలు హత్య చేయడాన్ని తెలుగువారెవరూ మరచిపోలేదు. ఇటువంటి హింసను ఉత్కంఠ కోసం మాత్రం వాడుకోకండి. బతికి ఉన్నవారి దుఃఖం అది. అయితే ఆ భయం రేణుక తండ్రి గుండెలో ఉండడం సహజం కనుక, కూతురి ప్రేమ తెలిసినప్పుడు మల్లయ్య అనే మొదటి మాట కోపంగా కాకుండా భయంగా ఉండాలి.

చట్టం విషయంలో మన నవలల్లో తప్పులు ఎక్కువ. ‘నా ఆస్తిలో చిల్లిగవ్వ ఇవ్వను’ అని రాజశేఖరం బెదిరించే ముందు ఆ ఆస్తి స్వార్జితమో పిత్రార్జితమో మీరు తేల్చుకోండి. స్వార్జితమైతే ఆయన ఎవరికైనా వీలునామా రాయవచ్చు. తాతల నుంచి వచ్చిన ఉమ్మడి ఆస్తిలో కొడుకు వాటాను తండ్రి మాటతో కొట్టేయడం కుదరదు. మీ కథలో ధనికురాలు అమ్మాయి అయితే, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1986 నాటి సవరణతోనూ దేశమంతటా 2005 సవరణతోనూ కూతుళ్లకు కూడా ఆ హక్కు వచ్చిందని గుర్తుంచుకోండి. పెళ్లికి ఆమెకు పద్దెనిమిది, అతనికి ఇరవై ఒకటి నిండాలి. ఇద్దరూ హిందువులైతే కులాలు వేరైనా 1955 హిందూ వివాహ చట్టం కింద పెళ్లి చెల్లుతుంది. 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద చేసుకుంటే ముందుగా నోటీసు ఇవ్వాలి, దాన్ని కార్యాలయంలో అందరికీ కనబడేలా ఉంచుతారు, ముప్పై రోజులు ఆగాలి, పెళ్లినాడు ముగ్గురు సాక్షులు సంతకం పెట్టాలి. ఆ ముప్పై రోజులూ రచయితకు దొరికిన నిధి. గోడ మీద తమ పేర్లు ఉన్న కాగితం ఎవరి కంట పడుతుందోనన్న భయంతో నెల రోజులు గడిపే జంటకు వేరే ప్రతినాయకుడు అవసరం లేదు. ఇక ఆ ముగ్గురు సాక్షులు ఎవరు, పై అంతస్తు నుంచి ఎవరైనా వచ్చారా అన్నది మీరు తీరిగ్గా ఆలోచించవలసిన ప్రశ్న.

ముగింపు దగ్గర చాలామంది కథను చేజార్చుకుంటారు. పేదపిల్ల చివరికి ఏ జమీందారు మనవరాలో అని తేలడం, నాయకుడి తండ్రికి గుండెపోటు వచ్చి మనసు మారడం, ఇద్దరిలో ఒకరు చనిపోవడం, ఇవి మూడూ ప్రశ్న నుంచి పారిపోయే దారులే. మొదటిది అంతస్తు తేడా అసలు లేదంటుంది, రెండోది దాన్ని జబ్బుకు వదిలేస్తుంది, మూడోది జవాబు చెప్పవలసినవారినే తీసేస్తుంది. ప్రేమ నవల చదివేవారికి జంట కలవడం చూడాలనే కోరిక న్యాయమైనది, కలపండి. కలిపిన తరువాత వాళ్లు ఎక్కడ ఉంటారో చెప్పండి. ఐదో అంతస్తులో కాపురం పెడితే ఎల్లమ్మ ఆ ఇంటి అంట్లు తోముతుందా? వేరే ఇల్లు తీసుకుంటే అద్దె ఎవరి జీతంలోంచి, ఆమె ఇంటికి పంపే డబ్బు ఎంత? మల్లయ్య వేరే అపార్ట్‌మెంటులో పనికి కుదిరితే, కిరణ్ అత్తవారింటికి వెళ్లాలంటే మరొకరి సెల్లారులోకి దిగి వెళ్లాలి. అక్కడి ఫ్లాట్లవారు అతన్ని ఎవరని అడుగుతారు, అతను ఏమని చెబుతాడు? నేనైతే చివరి అధ్యాయం ఈ గేటు దగ్గర పెడతాను.

మొదటి ముసాయిదా అయ్యాక నెల రోజులు పక్కన పెట్టి మూడుసార్లు చదవండి. ఒకసారి డబ్బు కోసమే: ప్రతి రూపాయి ఎవరి జేబులోంచి వచ్చిందో అంచున రాసుకుంటూ. రెండోసారి పిలుపుల కోసం, ప్రతి ‘మీరు’, ‘నువ్వు’, ‘గారు’ కింద గీత పెడుతూ. ఎక్కడైనా కారణం లేకుండా మారితే అది మీ ఏమరుపాటు. మూడోసారి రేణుక కోరికల కోసం. కిరణ్ లేకపోయినా ఆమెకు కావలసినవి కనీసం మూడు ఉండాలి, వాటిలో ఒకటైనా కిరణ్‌కు తెలియనిదై ఉండాలి. ఇవి దొరకకపోతే ఆమె ఇంకా పాత్ర కాలేదు, మీ జాలికి ఒక రూపం మాత్రమే. ఆ తరువాత ప్రతిని సెల్లారు గదిలో పెరిగిన ఒకరి చేతికి ఇవ్వండి, చదివినందుకు డబ్బు కూడా ఇవ్వండి. వారు ‘మా ఇంట్లో ఇలా ఉండదు’ అన్న ప్రతి చోటా పెన్సిలు గుర్తు పెట్టుకుని, వాదించకుండా మళ్లీ రాయడానికి కూర్చోండి.